కుటుంబ ఖర్చుల మీద ఇంటర్నెట్ ప్రభావం

ఒక కుటుంబం తిండి, బట్ట, అద్దె, మందులు, చదువులు, ప్రయాణాలు, వినోదం వంటి వాటికి పెట్టే సొమ్మును అర్థశాస్త్రంలో కుటుంబ వినియోగ వ్యయం అంటారు. ఇంటర్నెట్ వచ్చాక సరుకు ధర తెలుసుకునే పద్ధతి మారింది, డబ్బు కట్టే పద్ధతి మారింది. వీటి గురించి చర్చ చాలానే జరిగింది. భారతీయ కుటుంబాల్లో, ముఖ్యంగా తెలుగు ఇళ్లలో, అంతకన్నా లోతైన మార్పు ఇంకొకటి ఉంది. ఒక వస్తువు కావాలని అనిపించడానికీ, దానికి డబ్బు కట్టడానికీ మధ్య ఇదివరకు కొంత వ్యవధి ఉండేది. జీతం వచ్చేదాకా ఆగేవాళ్లు, సంత రోజు దాకా ఆగేవాళ్లు, పని మీద పట్నం వెళ్లేదాకా ఆగేవాళ్లు. ఎవరూ పొదుపు అని పేరు పెట్టకపోయినా చాలా ఇళ్లలో డబ్బు మిగిల్చింది ఆ ఆగడమే. ఇంటర్నెట్ ఆ వ్యవధిని దాదాపు లేకుండా చేసింది.

వ్యయం లెక్కలు

జాతీయ గణాంక కార్యాలయం 2022-23లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో ఒక్కో మనిషి మీద నెలకు సగటున పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు ఖర్చయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది పల్లెల్లో 4,870, పట్టణాల్లో 6,782. తెలంగాణలో 4,802, 8,158. అంతకుముందు ఇలాంటి సర్వే ఫలితాలు వచ్చింది 2011-12కు. అప్పుడు దేశ సగటు పల్లెల్లో 1,430, పట్టణాల్లో 2,630. ఈ అంకెల పెరుగుదలలో ధరల పెరుగుదల కూడా కలిసే ఉంది.

మొత్తం ఖర్చులో తిండి వాటా ఈ రెండు సర్వేల మధ్య పల్లెల్లో 52.9 శాతం నుంచి 46.4 శాతానికి, పట్టణాల్లో 42.6 నుంచి 39.2 శాతానికి దిగింది. ఆదాయం పెరిగేకొద్దీ తిండికి పోయే వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. మన పల్లెల్లో ఇంటర్నెట్ విస్తరించింది కూడా సరిగ్గా ఈ కాలంలోనే. అంతమాత్రాన ఈ తగ్గుదలను దాని ఖాతాలో వేయడం తప్పు. 1999-2000లో పల్లెల్లో తిండి వాటా 59.4 శాతం, ఫోన్లు రాకముందు నుంచే అది దిగుతూ వచ్చింది. ఇంటర్నెట్ ప్రభావాన్ని తిండి మొత్తంలో కాక, తిండి లోపలి పద్దుల్లో వెతకాలి. 2022-23లో ఆహారపు ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యం కాదు, పాలు కాదు. పానీయాలు, వండి అమ్మే, ప్యాకెట్లలో వచ్చే తిండి. మొత్తం వ్యయంలో దాని వాటా పల్లెల్లో 9.6 శాతం, పట్టణాల్లో 10.6 శాతం. ఇంట్లో వండుకోవడం నుంచి బయట కొనుక్కోవడానికి జరుగుతున్న ఈ మళ్లింపుకు ఆదాయాలు, నగర ఉద్యోగాలు, ఆడవాళ్ల పని వేళలు ముందు కారణాలు. ఫోన్‌లో ఆర్డరు పెట్టుకునే సౌకర్యం ఆ దారిని మరింత సుగమం చేసింది.

ఒక్కొక్కటిగా వచ్చిన మార్పులు

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే కుటుంబ ఖర్చును మొదట తాకింది కొనుగోళ్లు కాదు, బిల్లులూ టికెట్లూ. హైదరాబాద్‌లో 2001లో మొదలైన ఈ-సేవ కేంద్రాల్లో కరెంటు బిల్లు, నీటి బిల్లు, టెలిఫోన్ బిల్లు ఒకే కిటికీ దగ్గర కట్టే వీలు కలిగింది. బిల్లు మొత్తంలో పైసా తగ్గలేదు కానీ, ఒక పూట సెలవు, రానూపోనూ ఆటో ఖర్చు మిగిలాయి. కూలిపని చేసుకునేవాళ్లకు ఆ పూట అంటే సగం రోజు కూలి. 2002లో రైల్వే టికెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. 2006లో బెంగళూరులో రెడ్‌బస్ పుట్టింది. దాన్ని ప్రారంభించిన ముగ్గురిలో ఒకరైన ఫణీంద్ర సామ తెలంగాణవాసి. పండగకు ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకక, ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో తెలిసే మార్గమే లేదని గ్రహించడం నుంచి ఆ సంస్థ వచ్చింది.

2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. దాని తొలి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ద వరల్డ్' కోసం వచ్చిన ఆ ఆర్డరు తీర్చడానికి సంస్థ వ్యవస్థాపకులు బెంగళూరు పుస్తకాల షాపులన్నీ తిరగాల్సి వచ్చింది. ఈ సంఘటనను తొలి ఆర్డరు అన్న మాట కోసమే తరచుగా చెబుతుంటారు. దాని అసలు విలువ వేరు. ఇంటర్నెట్ చిన్న ఊళ్లకు ముందుగా ఇచ్చింది తక్కువ ధర కాదు. ఆ ఊళ్లో ఏ ధరకూ దొరకని వస్తువు. పెద్ద సైజు చెప్పులు, పాత మిక్సీకి సరిపడే జార్, పోటీ పరీక్షల పుస్తకం, మధుమేహం చూసుకునే యంత్రానికి స్ట్రిప్పులు: ఇలాంటివి చాలాసార్లు జిల్లా కేంద్రంలో కూడా దొరికేవి కావు. దొరకనప్పుడు ఖర్చు లేదు కాబట్టి పాత లెక్కల్లో ఆ లోటు కనిపించదు. దొరికాక ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇలా పెరిగిన ఖర్చును దుబారా అనలేం.

కార్డు లేనివాళ్లకూ, ముందే డబ్బు కట్టాలంటే భయపడేవాళ్లకూ తలుపు తెరిచింది సరుకు చేతికందాకే డబ్బు ఇచ్చే పద్ధతి. ఫ్లిప్‌కార్ట్ దీన్ని 2010లో తెచ్చింది. అమెజాన్ 2013లో భారత్‌లో అడుగుపెట్టింది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే జరిపాక, దసరా దీపావళి ముందు రోజులు ఆన్‌లైన్ అమ్మకాల ఋతువుగా మారాయి. మన దుకాణాలకు ఈ కిటుకు కొత్త కాదు. శుభకార్యాలుండని ఆషాఢంలో బట్టల కొట్లు తగ్గింపు పెట్టి గిరాకీ తెచ్చుకోవడం తెలుగు పట్టణాల్లో ఎప్పటినుంచో ఉంది. తేడా ఏమిటంటే, ఆషాఢం తగ్గింపు గిరాకీ లేని నెలకు గిరాకీని తెచ్చేది. ఆన్‌లైన్ తగ్గింపు ఎలాగూ ఖర్చు పెట్టే నెలకే ఇంకొంత ఖర్చును లాక్కొస్తుంది. ఫోను, టీవీ, వాషింగ్ మెషీన్ కొనాలనుకున్నవాళ్లు నెలల తరబడి ఆగి ఆ వారంలో కొంటారు. ఇది ఖర్చు పెరగడం కాదు, ఒక నెల నుంచి ఇంకో నెలకు జరగడం. దానితోపాటు అనుకోని నాలుగు వస్తువులు కార్ట్‌లోకి చేరితే మాత్రం అది పెరగడమే.

అసలు వెల్లువ 2016లో వచ్చింది. ఏప్రిల్ 11న ఫోను నుంచే డబ్బు పంపే యూపీఐ, సెప్టెంబర్ 5న జియో మొబైల్ డేటా సేవలు, నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటా సగటు ధర 269 రూపాయల దగ్గర ఉండేది. కొన్నేళ్లలోనే అది పది రూపాయల దరిదాపుల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 149 రూపాయల నెలసరి రుసుముతో ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇచ్చే పథకాన్ని 2017 డిసెంబరులో రాష్ట్రపతి జాతికి అంకితం చేశారు. 2020 లాక్‌డౌన్‌లో అప్పటిదాకా ఆన్‌లైన్ వైపు చూడని ఇళ్లు కూడా కూరగాయలకు, మందులకు, పిల్లల పాఠాలకు ఫోను పట్టక తప్పలేదు. కేంద్ర గణాంక శాఖ 2025 తొలి మూడు నెలల్లో జరిపిన సర్వేలో దేశంలో 86.3 శాతం ఇళ్లకు ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నట్టు తేలింది.

ధర తెలియడం వల్ల

మంచి ధర కోసం నాలుగు కొట్లు తిరగడానికి కూడా ఖర్చవుతుందని, అందుకే ఒకే సరుకు ఒకే ఊళ్లో వేర్వేరు ధరలకు అమ్ముడవుతుందని ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1961లో రాశాడు. ఆ తిరుగుడు ఖర్చు తగ్గితే ధరల మధ్య తేడాలు తగ్గాలి. దీనికి బాగా పేరుపడ్డ రుజువు మన పక్కనే ఉంది. 1997-2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి మొబైల్ ఫోన్లు వచ్చినప్పుడు చేపల ధరలకు ఏమైందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ పరిశీలించాడు. పడవలోంచే ఏ రేవులో ఏ ధర ఉందో కనుక్కోగలిగాక రేవుకూ రేవుకూ ధర తేడాలు బాగా తగ్గాయి. అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్ల ధర సుమారు 4 శాతం తగ్గింది. అవి ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్లు. ధర తెలియడం ఒక్కటే అంత పని చేసింది.

ఇంటర్నెట్ అమ్మకాల్లో కథ ఇంత నేరుగా నడవలేదు. అమెరికాలో తొలినాళ్లలో పుస్తకాలు, సీడీలు ఆన్‌లైన్‌లో 9 నుంచి 16 శాతం చవకగా దొరికాయని పరిశోధకులు బ్రిన్యోల్ఫ్‌సన్, స్మిత్ 2000లో చూపారు. 2017లో ఆర్థికవేత్త ఆల్బెర్టో కవాలో పది దేశాల పెద్ద దుకాణాలను పరిశీలిస్తే, ఒకే సంస్థ ఆన్‌లైన్‌లోనూ కొట్లోనూ నూటికి 72 సార్లు ఒకే ధర పెడుతోందని తేలింది. అంటే తొలి లాభం కాలం గడిచేకొద్దీ కరిగింది. కార్డు లావాదేవీల ఆధారంగా అమెరికాలో జరిగిన మరో అధ్యయనం 2017 నాటికి ఈ-కామర్స్ వల్ల కుటుంబాలకు కలిగిన మేలును వాళ్ల వినియోగంలో ఒక శాతంగా లెక్కగట్టింది. తిరుగుడు తప్పడం, కావలసిన రకం దొరకడం ఆ లెక్కకు మూలాలు.

తెలుగు పల్లెలకు ఇంతకన్నా దగ్గరి పోలిక చైనాది. ఎనిమిది కౌంటీల్లో వంద గ్రామాలను ఎంపిక చేసి, కొన్నిటిలో ఆన్‌లైన్ కొనుగోలు కేంద్రాలు, సరుకు చేరవేత ఏర్పాటు చేసి ఏమవుతుందో చూశారు. 2021లో అచ్చయిన ఆ ఫలితాల్లో సగటు గ్రామీణుడికి పెద్దగా ఒరిగిందేమీ కనిపించలేదు. లాభపడింది వయసులో చిన్నవాళ్లు, కాస్త ఉన్నవాళ్లు. అది కూడా ఎక్కువగా అంతకుముందు పార్శిల్ సేవ లేని ఊళ్లలో. ఇంటర్నెట్ వస్తే పల్లె ఖర్చు తగ్గుతుందనే ప్రచారం వినేటప్పుడు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. తండాకో ఏజెన్సీ గూడేనికో సిగ్నల్ వచ్చినంత మాత్రాన పార్శిల్ రాదు.

చెల్లింపు తేలికైతే

డబ్బు లెక్కపెట్టి చేత్తో ఇస్తున్నప్పుడు మనిషికి కలిగే చిన్న బాధ ఖర్చును అదుపు చేస్తుందని మనస్తత్వ పరిశోధకులు చెబుతారు. ప్రెలెక్, సిమెస్టర్ 2001లో వెలువరించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ ఆట టికెట్లకు వేలం పెట్టారు. రొక్కంతో కొనాలని చెప్పిన విద్యార్థుల కంటే కార్డుతో కట్టవచ్చని చెప్పిన విద్యార్థులు సుమారు రెండింతలు పాడారు.

ఈ ఫలితాన్ని యూపీఐకి ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. క్రెడిట్ కార్డులో డబ్బు తర్వాత పోతుంది. యూపీఐలో అప్పటికప్పుడే ఖాతాలోంచి పోతుంది, ఎంత పోయిందో సందేశం కూడా వస్తుంది. అయినా జేబులోంచి నోటు తీయడం, చిల్లర వెనక్కి తీసుకోవడం, పర్సు పల్చబడటం కంటికి కనిపించినట్టు ఖాతా తరగడం కనిపించదు. యూపీఐ లావాదేవీలు 2019 అక్టోబరులో తొలిసారి నెలకు వంద కోట్లు దాటాయి, 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు, 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు. 2023-24లో సుమారు 13,100 కోట్ల లావాదేవీల్లో 200 లక్షల కోట్ల రూపాయలు చేతులు మారాయి. 2024-25లో సుమారు 18,600 కోట్ల లావాదేవీల్లో 261 లక్షల కోట్లు. భాగించి చూస్తే ఒక్కో లావాదేవీ సగటు సుమారు 1,525 రూపాయల నుంచి 1,400కు తగ్గింది. టీ కొట్టు, పూల బండి, కొబ్బరిబోండాల బండి దాకా స్కానర్ చేరిందనడానికి ఇదే గుర్తు. కొట్టువాడు చిల్లర లేక చేతిలో పెట్టే చాక్లెట్ కూడా పోయింది.

ఈ మార్పుకు ఒక నిశ్శబ్దమైన మూల్యం ఉంది, దాన్ని చెల్లించింది ఇల్లాళ్లు. సరుకులకు ఇచ్చిన డబ్బులో మిగిలిన పదీ ఇరవై పోపుల డబ్బాలో దాచడం తెలుగిళ్లలో తరాలుగా వస్తున్న అలవాటు. పిల్ల ఫీజుకో, పుట్టింటి ప్రయాణానికో, భర్త చేతిలో పైసా లేని రోజుకో ఆ డబ్బు అక్కరకొచ్చేది. 2016లో నోట్ల రద్దుతో అది ఒక్కసారిగా బయటపడింది. ఆ తర్వాత కొట్టుకు నేరుగా భర్త ఫోను నుంచే డబ్బు వెళ్తుంటే మిగలడానికి చిల్లరే లేదు. ఆడవాళ్ల పేరున ఖాతాలు, స్వయం సహాయక సంఘాల పొదుపులు ఆ లోటును కొంత పూడ్చాయి. అయితే ఎవరినీ అడగకుండా తీసుకోగలిగిన డబ్బుకు అవి సరిసాటి కావు.

నెల సరుకుల చీటీ

కోస్తాలోనైనా తెలంగాణలోనైనా మధ్యతరగతి ఇంటి బడ్జెట్టు చాలాకాలం ఒక కాగితం మీద ఉండేది. నెల మొదటి వారంలో పాత నోటుబుక్కు పేజీ చింపి రాసే పచారీ సామాన్ల చీటీ అది: కందిపప్పు 2 కిలోలు, మినప్పప్పు కిలో, ఎండుమిరప అరకిలో, చింతపండు, పల్లీలు, నూనె, ఆవాలు, బట్టల సబ్బులు, అగరుబత్తీలు. రాసేటప్పుడు ఇల్లాలు డబ్బాలు తెరిచి, ఇంకా ఉన్నదాన్ని కొట్టేసేది. కొట్లో శెట్టిగారు ఒక్కో సరుకు పక్కన ధర వేసి మొత్తం కట్టేవారు. మొత్తం ఎక్కువైందనిపిస్తే జీడిపప్పు సగం చేసేవాళ్లు, రెండో సబ్బు తీసేసేవాళ్లు. డబ్బు తక్కువైతే ఖాతాలో రాయించేవాళ్లు, దానికి వడ్డీ లేదు. ఇంకా వెనక్కి వెళ్తే కొన్ని సరుకుల లెక్క ఏడాదిది. ఎండాకాలంలో చింతపండు, మిరపకాయలు, కందిపప్పు సంవత్సరానికి సరిపడా కొని ఎండబెట్టి జాడీల్లో పోసుకునేవాళ్లు. పంట చేతికొచ్చినప్పుడు ధర తక్కువ కాబట్టి అది పొదుపు కూడా.

ఏడాది నుంచి నెలకు, నెల నుంచి వారానికి దిగిన ఈ కొనుగోలు ఇప్పుడు నగరాల్లో గంటలకు వచ్చింది. వండిన తిండి చేరవేసే స్విగ్గీ, ఇంటి సరుకుల కోసం ఇన్‌స్టామార్ట్‌ను 2020లో మొదలుపెట్టింది. జెప్టో 2021లో వచ్చింది. గ్రోఫర్స్ అదే ఏడాది చివర్లో బ్లింకిట్‌గా పేరు మార్చుకొని 2022లో స్విగ్గీకి పోటీ సంస్థ జొమాటో చేతికి వెళ్లింది. ఇవన్నీ నిమిషాల్లో సరుకు తెస్తామంటాయి. అందుకోసం కాలనీలకు దగ్గర్లో, కొనేవాళ్లు లోపలికి రాని చిన్న గోదాములు పెట్టుకుంటాయి.

కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒక ఇంట్లో సాయంత్రం చట్నీకి కొత్తిమీర లేదనుకుందాం. యాప్ తెరిస్తే కొత్తిమీర ధర కొద్దిపాటిదే. కార్ట్‌లోకి వెళ్తే దాని కింద డెలివరీ చార్జి, హ్యాండ్లింగ్ చార్జి, ఆర్డరు చిన్నది కాబట్టి దానికో చార్జి, వాన పడుతుంటే ఇంకోటి ఉంటాయి. ఆ పైనే ఒక గీత సగం దాకా ఆకుపచ్చగా నిండి, ఇంకొంత సరుకు కలిపితే డెలివరీ ఉచితమని చెబుతుంది. కొత్తిమీర కట్టకు అంత చార్జి కట్టడం ఎవరికీ మనసొప్పదు. చిప్స్ ప్యాకెట్, ఐస్‌క్రీమ్, గిన్నెలు తోమే పీచు కలుస్తాయి. కట్టింది డెలివరీ చార్జి కాదు కాబట్టి మిగిలినట్టే అనిపిస్తుంది. చీటీ రాసే పద్ధతిలో మొత్తం చూశాక వస్తువులు తగ్గేవి. ఇక్కడ మొత్తం చూశాక వస్తువులు పెరుగుతాయి. నెల సరుకుల చీటీ పోవడం వల్ల తెలుగు మధ్యతరగతి పోగొట్టుకున్నది ఈ కోత వేసే అలవాటునే. ఇంటర్నెట్ ప్రభావంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పుకోవలసింది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండో పక్షానా నిజం ఉంది. కావలసినప్పుడు కావలసినంతే కొంటే కూరగాయలు కుళ్లి పారేసేది తగ్గుతుంది. మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇంట్లో, ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న తల్లికి పదినిమిషాల్లో వచ్చే మందు, పాలడబ్బా విలువ రూపాయల్లో లెక్కించలేనిది. ఇక రోజుకూలి కుటుంబాలు ఏనాడూ నెల చీటీ రాసుకోలేదు. ఏ పూటకాపూట పావుకిలో పప్పు, షాంపూ పొట్లం కొనుక్కునే వాళ్లకు కిరాణా కొట్టు అరువే ఇప్పటికీ ఆధారం. ఏ యాప్ కూడా వాళ్ల బస్తీని చూసి గోదాము పెట్టలేదు.

వండిన తిండి సంగతి వేరే చెప్పాలి. స్విగ్గీ ఏటా ప్రకటించే లెక్కల్లో బిర్యానీ వరుసగా మొదటి స్థానంలో నిలుస్తోంది, ఆ బిర్యానీ ఆర్డర్లలో హైదరాబాద్ పేరు ముందుంటోంది. ఒకప్పుడు హోటల్ భోజనం అంటే ఇంటిల్లిపాదీ తయారై వెళ్లే సందర్భం. ఇప్పుడది అలసిపోయిన మంగళవారం రాత్రి నిర్ణయం. యాప్ వాడినందుకు 2023లో ఆర్డరుకు రెండు రూపాయలుగా మొదలైన ప్లాట్‌ఫామ్ ఫీజు తర్వాత పలుమార్లు పెరిగింది.

కొత్త పద్దులు, కొత్త అప్పులు

ఇరవై ఏళ్ల క్రితం ఇంటి లెక్కలో లేని పద్దులు ఇప్పుడు తప్పనిసరి అయ్యాయి. ఇంట్లో నలుగురుంటే నాలుగు రీచార్జులు, మూడు నాలుగేళ్లకోసారి నాలుగు ఫోన్లు. 2024 జులైలో మూడు పెద్ద టెలికాం సంస్థలూ దాదాపు ఒకేసారి చార్జీలు పెంచినప్పుడు మానుకునే దారి ఎవరికీ లేకపోయింది. పింఛను సందేశం, బ్యాంకు ఓటీపీ, పిల్లల హోంవర్కు అన్నీ అదే నంబరుకు వస్తాయి. 2020లో వచ్చిన ఆహా వంటి తెలుగు ఓటీటీ, దాని పక్కన హిందీ, ఇంగ్లీషు ఓటీటీలు కలిపితే కేబుల్ బిల్లును మించుతాయి. ఇవి తమంతట తామే డబ్బు లాక్కునే చందాలు కావడంతో చూడటం మానేశాక కూడా కట్టేవాళ్లు ఎక్కువ. దీన్ని కట్టడి చేయడానికే రిజర్వు బ్యాంకు 2021 అక్టోబర్ 1 నుంచి, డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు వినియోగదారుడికి తెలపాలని నిబంధన పెట్టింది. పెద్ద మొత్తాలకు ప్రతిసారీ అనుమతి తప్పనిసరి. ఆ పరిమితి మొదట 5,000, 2022 జూన్ నుంచి 15,000 రూపాయలు.

వినోదం పద్దులో దాగి ఇళ్లను కూల్చింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు. రమ్మీ వంటి వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. రాష్ట్రం దాటితే ఆడగలిగే ఆటకు రాష్ట్ర చట్టం సరిపోలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఉండే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా నిషేధించింది. పొలం అమ్మిన డబ్బు, కూతురి పెళ్లికి దాచిన డబ్బు ఫోనులో ఒక రాత్రి ఆవిరైన సంఘటనలు రెండు రాష్ట్రాల పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఈ నిషేధం ఆలస్యంగా వచ్చిందే తప్ప అనవసరమైనది కాదు.

అప్పు కూడా అదే తెర మీదికి వచ్చింది. ఈఎంఐ, కొన్నాక కట్టే పథకాలు ఫ్రిజ్జును, చదువుకునే పిల్లవాడి ల్యాప్‌టాప్‌ను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చాయి, ఇది మేలే. మరోవైపు లాక్‌డౌన్ కాలంలో ఆదాయం పడిపోయినవాళ్లు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల బారిన పడ్డారు. ఫోనులోని నంబర్లన్నీ లాగేసుకుని, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసి వసూలు చేసే ఆ పద్ధతి ఆత్మహత్యలకు దారితీసింది. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు వరుస అరెస్టులు చేశాక విషయం దేశమంతటా చర్చకు వచ్చింది. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో కార్యబృందాన్ని వేసి, 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు నేరుగా తీసుకునేవాడి ఖాతాలోనే పడాలి, వడ్డీ చార్జీలు అన్నీ కలిపి ముందే చూపాలి, మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కి ఇచ్చే గడువు ఉండాలి అన్నవి అందులో ముఖ్యమైనవి.

ఫోను ఎవరి చేతిలో

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019-21 మధ్య, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.4 శాతం. ఆ తర్వాత ఆడవాళ్ల చేతికి ఫోన్లు చాలానే వచ్చాయి. అయినా ఈ తేడా ఒక సంగతి చెబుతుంది. అప్పటిదాకా సంతలో బేరమాడి, సరుకు చేత్తో నలిపి చూసి కొనే నేర్పు ఆడవాళ్లది. కొనుగోలు తెర మీదికి మారినప్పుడు ఆ నేర్పు పక్కకు పోయి, ఫోను తెలిసిన కొడుకో కూతురో నిర్ణయించేవాళ్లయ్యారు. చాలా ఇళ్లలో అమ్మ "ఆ చీర బాగుంది, చూడరా" అంటే ఆర్డరు పెట్టేది కొడుకు.

ఎదురు దిశలోనూ డబ్బు కదులుతోంది. మంగళగిరి, పోచంపల్లి, వెంకటగిరి చీరలు వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ లైవ్‌లలో అమ్ముడవుతున్నాయి. ఇంటి నుంచే చీరలు తిరిగి అమ్మే గృహిణులకు 2015లో వచ్చిన మీషో వంటి వేదికలు ఊతమిచ్చాయి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు, గోదావరి జిల్లాల పచ్చళ్లు కొరియర్‌లో దేశం దాటుతున్నాయి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు మందులు, సరుకులు అక్కడినుంచే యాప్‌లో పంపుతున్నారు. ఒకప్పుడు ఏడాదికోసారి పంపే డబ్బు ఇప్పుడు సరుకుగా, బిల్లుగా, రీచార్జుగా వస్తోంది.

చట్టపరమైన రక్షణ

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొన్నవాళ్లు తాము నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవాడు బెంగళూరులో ఉన్నాడని అక్కడికి పోనక్కరలేదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలో పరిష్కరించాలని చెప్పాయి. ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన గడితో ఒప్పుకున్నట్టు లెక్కగట్టడాన్ని నిషేధించాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న తెర మీది 13 రకాల మోసపు ఎత్తుగడలను గుర్తించి నిషేధించింది. అడగకుండా కార్ట్‌లో వస్తువు కలపడం, ఒకటే మిగిలిందని తొందర పెట్టడం, చివరి మెట్టులో చార్జీలు బయటపెట్టడం, రద్దు చేసుకునే దారి దాచడం వాటిలో కొన్ని. ఫిర్యాదులకు 1915, సైబర్ మోసాలకు 1930 నంబర్లు ఉన్నాయి. మోసం జరిగితే 1930కి ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

కొలవడంలో చిక్కులు

ఇంటర్నెట్ వాడే కుటుంబాలు ఎక్కువ ఖర్చు పెడతాయన్నది ఏ సర్వేలోనైనా తేలిగ్గా కనిపించే విషయం. అంతమాత్రాన ఖర్చుకు ఇంటర్నెట్ కారణమనలేం. ఆదాయం, చదువు, పట్టణ నివాసం ఉన్నవాళ్లే ముందుగా ఇంటర్నెట్ తీసుకుంటారు, ఖర్చు కూడా వాళ్లే ఎక్కువ పెడతారు. అందుకే పరిశోధకులు ఒక ప్రాంతానికి టవరో, కేబులో, పార్శిల్ సేవో రావడానికి ముందూ తర్వాతా పోల్చి చూస్తారు. కేరళ చేపల అధ్యయనానికి, చైనా గ్రామాల అధ్యయనానికి బలం అక్కడి నుంచే వచ్చింది.

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో ప్రశ్నపత్రాన్ని మూడుగా విడగొట్టి, ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లి, తిండి, నిత్య వినియోగ వస్తువులూ సేవలు, మన్నికైన వస్తువుల వివరాలు విడివిడిగా తీసుకున్నారు. గత 365 రోజుల్లో బట్టలు, చెప్పులు, ఫర్నిచర్, ఫోను, పరుపులు, గిన్నెలు, వైద్య పరికరాల వంటివి ఆన్‌లైన్‌లో కొన్నారా లేదా అని కూడా అడిగారు. అయితే సమాధానం చెప్పేది చాలావరకు ఇంట్లో ఆ వేళకు ఉన్న ఒక్కరు. పెద్ద కొడుకు ఆఫీసులో తెప్పించుకున్న మధ్యాహ్న భోజనం, కూతురి ఫోనులో నెలనెలా కోసుకుపోయే చందా, అమెరికా నుంచి మనవడు పంపిన మందుల డబ్బా ధర ఆ ఒక్కరికి తెలియకపోవచ్చు. కాగితపు చీటీ ఇంటిల్లిపాదికీ కనిపించేది. ఇప్పుడు ఖర్చు వివరాలు నాలుగు ఫోన్లలో నాలుగు తాళాల కింద ఉన్నాయి. తలుపు తట్టిన గణకుడికి వాటిలో ఒకటి మాత్రమే తెరుచుకుంటుంది.